రోడ్డు వేయడానికి నిధులు దొరుకుతున్నాయి, వేసినదాన్ని కాపాడటానికి ఎందుకు దొరకడం లేదు? (బెంగళూరు వార్డు రోడ్ల నిర్వహణపై చర్చ)

లేఅవుట్_కార్యదర్శి:

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే బడ్జెట్ తయారీకి ముందే మా నివాసుల సంఘం తరఫున రోడ్ల నిర్వహణపై ఒక విన్నపం ఇవ్వాలని అనుకుంటున్నాం. గుంతలు పూడ్చమని అడిగే అర్జీలు ఇప్పటికే చాలా వెళ్లాయి. వాటికి వచ్చే ఫలితమూ అందరికీ తెలిసిందే. వర్షాలు కాస్త తెరిపి ఇచ్చాక ఒక లారీ తారు కంకర వస్తుంది, కనిపించిన గుంతల్లో పోసి వెళ్లిపోతారు, మరుసటి వానకు ఆ కంకర రోడ్డంతా చెదిరిపోయి ద్విచక్ర వాహనాలు జారడం మొదలవుతుంది. ఈసారి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో, ఏ రోడ్డుకు ఎప్పుడు ఎంత పెట్టాలన్నది ఎవరు ఏ ఆధారంతో నిర్ణయిస్తారో తెలుసుకుని, ఆ పద్ధతినే మార్చమని అడగాలన్నది మా ఉద్దేశం.

మా పరిస్థితిని రెండు రోడ్లతో చెప్పవచ్చు. లేఅవుట్ ప్రధాన రోడ్డుకు కొత్తగా తారు వేశారు. అది ఒక వర్షాకాలమైనా చూడకముందే మంచినీటి గొట్టం కోసం ఒక పక్క, ఆ తర్వాత కేబుల్ కోసం మరో పక్క తవ్వారు. తవ్విన కాలువను మట్టితో నింపి పైన పలుచగా తారు పూశారు. ఇప్పుడు ఆ గాడి పొడవునా రోడ్డు దిగిపోయింది. దాని వెనుక వీధి అంతకంటే చాలా పాతది, అయినా ఎవరూ తవ్వకపోవడం వల్ల ఇప్పటికీ గట్టిగానే ఉంది. ఈ మధ్యనే దాని మీద వెంట్రుకవాసి పగుళ్లు కనిపిస్తున్నాయి. ఆ పగుళ్లను ఇప్పుడే మూయించమని అడిగితే, గుంతలు పడని రోడ్డుకు ఎస్టిమేట్ వేయడానికి వీలు లేదని సమాధానం వచ్చింది. పాడైతేనే డబ్బు వస్తుందన్న ఈ నియమం ఎక్కడ రాసి ఉందో, నిజంగా రాసి ఉందో లేదో, తెలిసినవారు చెప్పగలరా?

విశ్రాంత_రోడ్ల_ఇంజనీరు:

మీరు చెప్పిన నియమం ఎక్కడా రాసి లేదు. తారు రోడ్ల నిర్వహణకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రత్యేకంగా ఒక నియమావళినే ప్రచురించింది. దాన్ని ఐఆర్‌సీ 82 అంటారు, 2015లో దాన్ని సవరించారు. పగుళ్లు మూయడం, పలుచటి పూతలు వేయడం, కాలానుగుణంగా పై పొరను పునరుద్ధరించడం వంటి పనులన్నీ అందులో ఉన్నాయి. నిర్వహణకు నియమావళి ఉంది, దానికి ఎదురుగా బడ్జెట్ పద్దు లేదు.

తారు రోడ్డు ఎలా చెడుతుందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ వెనుక వీధి ఇప్పుడు సరిగ్గా నిర్ణయాత్మకమైన దశలో ఉంది. కొత్తగా వేసిన తారుకు కొంత సాగే గుణం ఉంటుంది. ఎండకు, గాలికి ఏళ్లు గడిచేకొద్దీ అది గట్టిపడి పెళుసుబారుతుంది, అప్పుడు మీరు చెప్పిన వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. ఆ దశలో రోడ్డు బలమంతా కింది కంకర పొరల్లో చెక్కుచెదరకుండానే ఉంటుంది. నీరు పగుళ్ల గుండా కిందికి దిగి కంకర కింద ఉన్న మట్టిని మెత్తబరిచిన తర్వాతే చక్రం బరువుకు పై పొర లోపలికి వంగి, మొసలి చర్మం వంటి పగుళ్లు పడి, ముక్కలు ఊడి గుంత అవుతుంది. మొదటి దశలో పగుళ్లు మూసి, నాలుగు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల మందంతో మైక్రో సర్ఫేసింగ్ అనే పూత వేస్తే సరిపోతుంది. రెండో దశ దాటాక తారు, కంకర రెండూ తీసి అడుగు నుంచి కట్టవలసి వస్తుంది, దాని ఖర్చు పూతకు అయ్యేదానికి ఎన్నో రెట్లు ఉంటుంది. పాడైన తర్వాతే డబ్బు ఇస్తామనడం అంటే అతి ఖరీదైన దశ వచ్చేదాకా ఆగుతామని చెప్పడమే.

ఇంకొక మాట. రోడ్డుకు ఇరువైపులా కాలువలో పూడిక తీయకుండా, నడుమ నుంచి అంచుకు వాలు సరిచూడకుండా ఎన్నిసార్లు తారు వేసినా నిలవదు. ఏడు మీటర్ల రోడ్డులో నడుమ భాగం అంచు కంటే దాదాపు తొమ్మిది సెంటీమీటర్లు ఎత్తుగా ఉండాలి. మీ ప్రధాన రోడ్డులో ఒక తాడు పట్టి కొలిచి చూడండి.

పద్దుల_పరిశీలకుడు:

డబ్బు సంగతి నేను రాస్తాను. నగరపాలక సంస్థల లెక్కల తనిఖీలో చాలాకాలం పనిచేశాను.

రాజ్యాంగంలోని పన్నెండో షెడ్యూలు, అంటే 74వ సవరణతో వచ్చి 1993 జూన్ 1 నుంచి అమలైన భాగం, రోడ్లు, వంతెనలను పురపాలక సంస్థల విషయాల్లో చేర్చింది. అయితే బాధ్యత వెళ్లినంత సులువుగా రాబడి వెళ్లలేదు. వాహనం కొనేటప్పుడు మనం కట్టే జీవితకాల పన్ను రాష్ట్ర ఖజానాకు చేరుతుంది. పెట్రోలు, డీజిలు మీద కేంద్రం వసూలు చేసే రోడ్డు సెస్సు ప్రధానంగా జాతీయ రహదారులకు, రాష్ట్ర రహదారులకు, పల్లె రోడ్లకు పోతుంది. పదిహేనో ఆర్థిక సంఘం పది లక్షలకు పైబడిన జనాభా గల నగరాలకు ఇచ్చిన నిధులు గాలి నాణ్యతకు, తాగునీటికి, చెత్త నిర్వహణకు ముడిపడినవి. అంటే వాహనాల మీద వచ్చే పన్నులో వాటిచేత అరిగిపోయే వార్డు రోడ్డుకు నేరుగా వాటా ఏదీ లేదు. మిగిలేది ఆస్తి పన్ను, ఆపై రాష్ట్రం దయతో ఇచ్చే గ్రాంటు.

బీబీఎంపీ (బృహత్ బెంగళూరు మహానగర పాలికె, అప్పటి నగరపాలక సంస్థ) 2024-25 బడ్జెట్ సుమారు 12,369 కోట్లు, ఆ సంవత్సరం ఆస్తి పన్నుగా వచ్చినది దాదాపు 4,900 కోట్లు. 2025-26 బడ్జెట్ ఏకంగా 19,927 కోట్లకు పెరిగింది. పెరిగిన మొత్తం ప్రధానంగా సొరంగాలు, ఫ్లైఓవర్లు, వైట్ టాపింగ్ (తారు రోడ్డు మీద కాంక్రీటు పొర వేయడం) వంటి భారీ పనుల చుట్టూ తిరిగింది. నగరంలో మొత్తం రోడ్ల పొడవు సుమారు 13,000 కిలోమీటర్లు, అందులో పెద్ద రోడ్లు పదో వంతు మాత్రమే. మిగిలిన తొమ్మిది వంతులు మన ఇళ్ల ముందరి వీధులు, వాటి మాట బడ్జెట్ ప్రసంగంలో చివరి పేరాల్లో కనిపిస్తుంది.

నిర్వహణ ఎందుకు వెనుకబడుతుందన్న దానికి పద్దుల భాషలో ఒక కారణం ఉంది. కొత్తగా రోడ్డు వేస్తే అది మూలధన వ్యయం. దానికి పేరు, పని సంఖ్య, టెండర్, శంకుస్థాపన ఉంటాయి, గ్రాంటు అడగడానికీ అప్పు తేవడానికీ వీలుంటుంది. పగుళ్లు మూయడం రెవెన్యూ వ్యయం, అంటే రోజువారీ ఖర్చు, దానికి జీతాలు మిగిల్చిన డబ్బే గతి. కాబట్టి సదుద్దేశంతో ఉన్న ఇంజనీరు కూడా చిన్న పనులను వదిలి, రోడ్డు పూర్తిగా పాడయ్యాక పునర్నిర్మాణంగా ప్రతిపాదించడమే తేలికని గ్రహిస్తాడు. మనిషిని మార్చినంత మాత్రాన ఇది మారదు. నిర్వహణకు విడి పద్దు, ఆ పద్దులోని డబ్బును సంవత్సరం మధ్యలో వేరే పనికి మళ్లించకూడదన్న షరతు, రెండూ కావాలి.

రెవెన్యూ_లేఅవుట్_నివాసి:

మీ అందరి మాటలూ శ్రద్ధగా చదివాను. పగుళ్లు మూయడం గురించి మాట్లాడగలుగుతున్నారంటే మీ వీధికి తారు ఉన్నట్టే కదా. 2007లో నగరంలో కలిసిన 110 గ్రామాల పరిధిలో మాది ఒక రెవెన్యూ లేఅవుట్, అంటే సాగుభూమిలో అనుమతి పొందకుండా వేసిన లేఅవుట్. మా ఇళ్లు బీ ఖాతాలో (పూర్తి అనుమతులు లేని ఆస్తుల జాబితాలో) ఉన్నా ఏటా ఆస్తి పన్ను కడుతున్నాం. కావేరి అయిదో దశ తాగునీటి గొట్టాల కోసం, అంతకుముందు మురుగు గొట్టాల కోసం తవ్విన వీధులు మట్టి కుప్పలుగానే మిగిలిపోయిన రోజులు చూశాం. పాఠశాల ఆటో మా వీధిలోకి రానంటే పిల్లలను బురదలో మూలదాకా నడిపించి ఎక్కించిన తల్లులం మేము.

ఇప్పుడు మంచి రోడ్లకు ముందుగా డబ్బు పెట్టండి అనే సిద్ధాంతాన్ని పాలికె అంగీకరిస్తే, అది మంచి రోడ్లున్న పాత బస్తీలకు, బీడీఏ (బెంగళూరు అభివృద్ధి ప్రాధికార సంస్థ) లేఅవుట్లకు వెళ్తుంది. మా వంతు ఎప్పటికీ రాదు. లెక్కప్రకారం అది పొదుపే కావచ్చు, న్యాయమని మాత్రం నేను ఒప్పుకోలేను.

విశ్రాంత_రోడ్ల_ఇంజనీరు:

అమ్మా, మీ అభ్యంతరం సరైనదే, దాన్ని పక్కన పెట్టి విన్నపం రాయకూడదు. నిర్వహణ శాస్త్రం ఉన్న రోడ్లను తక్కువ ఖర్చుతో ఎలా నిలబెట్టాలో చెబుతుంది, లేని రోడ్డు ఎవరికి ముందు వేయాలో అది చెప్పదు. అందుకే ఈ రెండింటికీ ఒకే సంచిలోంచి డబ్బు తీయకూడదు. ఒకే సంచి అయితే బలమున్న చోటికే పోతుంది, లేదా మీరు భయపడినట్టు మంచి రోడ్డుకే పోతుంది.

సాన్_హోసే_నుంచి_తిరిగొచ్చాను:

కాలిఫోర్నియాలో ఒక చిన్న నగరపు ప్రజా పనుల విభాగంలో కొంతకాలం పనిచేసి ఇప్పుడు బెంగళూరులో ఉంటున్నాను. అక్కడి సంగతి ఇక్కడికి యథాతథంగా అతకదు. అక్కడ నగర వీధులకు పెట్రోలు పన్నులో వాటా చట్టప్రకారం వస్తుంది, ఇక్కడ రాదు. అయినా రెండు విషయాలు పనికొస్తాయని రాస్తున్నాను.

మొదటిది రోడ్డు స్థితికి మార్కులు వేయడం. సున్నా నుంచి నూరు వరకు ఒక సూచిక ఉంటుంది. పగుళ్ల రకం, తీవ్రత, అవి ఎంత విస్తీర్ణంలో ఉన్నాయో నడిచి చూసి, కొలిచి, ప్రతి వీధి ముక్కకు ఒక అంకె ఇస్తారు. శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ప్రాంతీయ రవాణా సంస్థ ప్రతి నగరపు సగటును బహిరంగంగా ప్రకటిస్తుంది. ప్రాంతం మొత్తానికి ఆ సగటు ఎన్నో ఏళ్లుగా 67 దగ్గరే తిరుగుతోంది. ఏటా ప్రకటించడం వల్ల నగర మండలి సమావేశంలో పౌరుడు లేచి, పోయినేడాది మన అంకె ఇంత, ఈ ఏడాది ఇంతకు ఎందుకు తగ్గింది అని అడగగలుగుతాడు.

రెండోది నాకు మరీ ముఖ్యమనిపించింది. 2017లో ఆ రాష్ట్రం రోడ్ల మరమ్మతు కోసం ఒక చట్టం చేసి, పెట్రోలు మీద గ్యాలనుకు 12 సెంట్లు పన్ను పెంచింది. ఆ డబ్బులో వాటా కావాలంటే నగరం ఏటా ఏ రోడ్లకు ఖర్చు పెడుతుందో జాబితాను ముందుగా రాష్ట్ర రవాణా సంఘానికి ఇవ్వాలి. అంతేకాక, తన సొంత ఖజానా నుంచి రోడ్లకు ఇదివరకు పెడుతున్న ఖర్చును తగ్గించకూడదు. గ్రాంటు వచ్చింది కదా అని సొంత డబ్బును వేరే చోటికి మళ్లించే దారిని ఆ షరతు మూసేసింది. పద్దుల పరిశీలకులు గారు చెప్పిన మళ్లింపు సమస్యకు ఇది దగ్గరి మందు.

తారు_పని_కాంట్రాక్టర్:

చిత్తూరు జిల్లా నుంచి వచ్చి ఇక్కడ చిన్న రోడ్డు పనులు చేస్తుంటాను. కాంట్రాక్టరు మాట అని తీసిపారేయకుండా చదవమని మనవి.

గుంత పూడ్చడానికి పద్ధతి ఉంది. గుంత చుట్టూ గట్టిగా ఉన్న భాగం వచ్చేదాకా చతురస్రంగా, అంచులు నిటారుగా ఉండేలా కోయాలి. లోపలి వదులు రాయి, మట్టి, నీరు పూర్తిగా తీసేయాలి. అడుగుకూ పక్కలకూ తారు ద్రావణం పలుచగా పూయాలి. తర్వాత వేడి మిశ్రమాన్ని పొరలుగా వేసి ఒక్కో పొరనూ కుదించాలి. మామూలుగా వాడే వీజీ 30 రకం తారు అయితే పరిచేటప్పుడు మిశ్రమం 140 డిగ్రీలకు తగ్గకూడదు, 90 డిగ్రీలకు దిగేలోపే రోలర్ పని అయిపోవాలి. హాట్ మిక్స్ ప్లాంటు నగరం ఒక చివర ఉంటుంది, గుంత మరో చివర ఉంటుంది, రద్దీ వేళల్లో భారీ వాహనాలకు అనుమతి ఉండదు. లారీ మీద టార్పాలిన్ కప్పినా, రెండు మూడు చోట్ల ఆగి పోసేసరికి చివరి గుంతకు చేరేది చల్లారిన ముద్దే. అది ఎంత కుదించినా పట్టుకోదు. అందుకే ఒక్క లారీని పది వీధులకు పంచే పద్ధతి పోయి, ఒక రాత్రి ఒకే ప్రాంతంలో దగ్గరదగ్గర గుంతలన్నీ చేసేలా పని కేటాయించాలి.

ఇక బిల్లుల సంగతి. పని పూర్తయి కొలతల పుస్తకంలో ఎక్కిన తర్వాత కూడా డబ్బు ఎప్పుడు వస్తుందో తెలియకపోతే, పెట్టుబడికి వడ్డీ కట్టే చిన్న కాంట్రాక్టరు టెండర్లో నిలవలేడు. నిలిచేవాడు అంచనా కంటే బాగా తక్కువకు రాసి, ఆ తేడాను తారు శాతంలోనో మందంలోనో వెనక్కి తీసుకునేవాడు. దీన్ని సమర్థించడం లేదు, జరుగుతున్న తీరు చెబుతున్నాను. నాణ్యత అడిగేవారు సకాలంలో చెల్లింపును కూడా అదే కాగితంలో అడగాలి.

లేఅవుట్_కార్యదర్శి:

కాంట్రాక్టరు గారికి ధన్యవాదాలు. ఉష్ణోగ్రత వివరం మాకు చాలా ఉపయోగం, థర్మామీటరు పట్టుకుని ఎవరైనా చూడవచ్చు. ఒక సందేహం. మా ప్రధాన రోడ్డు ఇంకా నిర్దోష కాలంలోనే ఉంది. అంటే పాడైతే వేసినవారే సొంత ఖర్చుతో బాగుచేయాలి. అయితే మధ్యలో వేరే సంస్థ తవ్వింది కాబట్టి ఆ బాధ్యత తమది కాదని వేసినవారు అంటున్నారు.

తారు_పని_కాంట్రాక్టర్:

తవ్విన భాగం వరకు వారి మాట నిజమే. తవ్వనిచోట దిగిపోతే మాత్రం వేసినవారే చేయాలి. ఎవరు ఎప్పుడు ఎంత పొడవు తవ్వారన్న నమోదు లేకపోతే ఈ తగవు తీరదు.

పద్దుల_పరిశీలకుడు:

తవ్వకాల విషయం మీద ఆగి మాట్లాడుకోవడం అవసరం, ఎందుకంటే బెంగళూరులో రోడ్డు ఆయుష్షును వాన కంటే ఎక్కువగా తగ్గించేది ఇదేనని నా నమ్మకం. జల మండలి, విద్యుత్ సంస్థలు, గ్యాస్ గొట్టాలవారు, ఇంటర్నెట్ కేబుల్ సంస్థలు, ఎవరికి వారే తమ గడువుల ప్రకారం తవ్వుతారు. అనుమతులను ఒకేచోట ఇవ్వడానికి బహుళ సంస్థల సమన్వయ పోర్టల్ వచ్చి ఏళ్లు గడిచాయి. అది అనుమతిని నమోదు చేస్తుంది గాని, తారు వేయబోయే రోడ్డుకూ తవ్వబోయే రోడ్డుకూ ముందుగా ముడి వేయదు. తవ్వినవారి దగ్గర పునరుద్ధరణ రుసుము వసూలవుతుంది. ఆ రుసుము సాధారణ ఖజానాలో కలిసిపోతే అదే వీధికి తిరిగి వస్తుందన్న హామీ ఏమీ ఉండదు. వసూలైన రుసుమును వార్డువారీగా విడి ఖాతాలో ఉంచి, ఆ వీధి పునరుద్ధరణకు మాత్రమే వాడాలని విన్నపంలో తప్పక రాయండి.

నగరం నడిబొడ్డున ఈ సమస్యకు ఒక పరిష్కారం చేసి చూశారు. టెండర్ ష్యూర్ పేరుతో రెసిడెన్సీ రోడ్డు, సెయింట్ మార్క్స్ రోడ్డు, కన్నింగ్‌హామ్ రోడ్డు, విఠల్ మల్య రోడ్డు వంటి ఏడు రోడ్లను మొదటి దశలో తీసుకుని, గొట్టాలు, కేబుళ్లన్నిటికీ కాలిబాట కింద దారులు కట్టి, వాహనాలు నడిచే భాగాన్ని తవ్వే అవసరం లేకుండా చేశారు. ఖర్చు చాలా ఎక్కువని విమర్శ వచ్చింది, అది నిజం కూడా. ప్రతి వార్డు వీధికి అంత పెట్టలేం. కనీసం వీధి దాటేచోట అడ్డంగా రెండు ఖాళీ గొట్టాలు ముందే వేసి ఉంచడం మాత్రం ఏ వీధికైనా సాధ్యమే.

చెన్నై_సభ్యుడు:

చెన్నై అనుభవం ఒకటి చేర్చుతాను. పాత తారు మీదే మళ్లీ మళ్లీ తారు వేసినందువల్ల ఇక్కడ చాలా వీధుల్లో రోడ్డు మట్టం ఇళ్ల గుమ్మాల కంటే ఎత్తయి, వాననీరు ఇళ్లలోకి రావడం మొదలైంది. 2021లో తమిళనాడు ప్రభుత్వం పాత పొరను మిల్లింగ్ యంత్రంతో గీకి తీసిన తర్వాతే కొత్త పొర వేయాలని గట్టిగా ఆదేశించింది. ఈశాన్య రుతుపవనాల ముందు తవ్వకాలు ఆపడం కూడా పాటిస్తారు. మీ విన్నపంలో మట్టం గురించి ఒక వాక్యం ఉండటం మంచిది.

ట్యాంకర్_వీధి:

బరువు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి అడుగుతున్నాను. మా అపార్ట్‌మెంట్ వీధిలోకి వేసవిలో రోజంతా నీటి ట్యాంకర్లు వస్తాయి. వీధిని ఇంత తొందరగా అవే పాడుచేస్తున్నాయా, లేక అది మా అనుమానం మాత్రమేనా?

విశ్రాంత_రోడ్ల_ఇంజనీరు:

అనుమానం కాదు. 1950ల చివర అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో చేసిన పెద్ద రోడ్డు పరీక్ష నుంచి ఇరుసు బరువుకూ రోడ్డు నష్టానికీ ఉన్న సంబంధం తెలిసింది. నష్టం బరువుకు దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఇరుసు బరువు రెట్టింపైతే నష్టం పదహారు రెట్లవుతుంది. 12,000 లీటర్ల ట్యాంకరులో నీరే 12 టన్నులు ఉంటుంది, వాహనం బరువు దానికి అదనం. కార్లు, ద్విచక్ర వాహనాలు ఎన్ని తిరిగినా ఆ లెక్కలో కనిపించవు. 2018లో కేంద్రం లారీల ఇరుసు బరువు పరిమితిని పెంచింది. నాలుగు చక్రాల ఒంటి ఇరుసుకు 10.2 టన్నులు ఉన్నది 11.5 టన్నులైంది. చూడటానికి చిన్న పెంపే, కానీ నాలుగో ఘాతం ప్రకారం నష్టం దాదాపు 60 శాతం పెరుగుతుంది. వీధుల మందం మాత్రం పాతదే.

కాబట్టి మార్కులు వేసేటప్పుడు పగుళ్లతో పాటు ట్యాంకర్లు, చెత్త లారీలు, కట్టడాలకు ఇసుక తెచ్చే టిప్పర్లు వెళ్లే వీధులను వేరుగా గుర్తించాలి. అటువంటి వీధికి పూత చాలదు, మందం పెంచాలి.

రెవెన్యూ_లేఅవుట్_నివాసి:

ఇంజనీరు గారు రెండు సంచులు అన్నారు. ఆ రెండో సంచి నిండుతుందని మాకు నమ్మకం ఎలా కలుగుతుంది? పాలక మండలి గడువు 2020 సెప్టెంబరులో ముగిసిన తర్వాత ఏళ్ల తరబడి మా తరఫున అడగడానికి కార్పొరేటరు లేడు. ఉన్నతాధికారి దగ్గరికి మేము వెళ్లలేం, వెళ్లినా మా వీధి పేరు ఏ జాబితాలోనూ ఉండదు. 2021-22 బడ్జెట్లో ఒక్కో వార్డుకు 60 లక్షలు కేటాయించి, గుంతలకు 20, కాలిబాటలకు 20, బోరు బావులకు 20 లక్షల చొప్పున వార్డు కమిటీ సమ్మతితో ఖర్చు పెట్టాలన్నారు. అప్పుడు మొదటిసారిగా మా వీధి పేరు ఒక సమావేశంలో ఎవరో రాసుకున్నారు. నాకు కావలసింది అటువంటి ఏర్పాటు, అదీ ఏటా.

పద్దుల_పరిశీలకుడు:

ఆ ఏర్పాటుకు నేను కూడా గట్టిగా మద్దతు ఇస్తాను. 2025 సెప్టెంబరులో బీబీఎంపీ స్థానంలో అయిదు పాలికెలు వచ్చాయి, పైన గ్రేటర్ బెంగళూరు అథారిటీ ఉంది. ఇప్పుడు ఒక్కో పాలికెకు ఒక్కో బడ్జెట్. కొత్త ఇళ్లు, ఆఫీసులు ఎక్కువున్న పాలికెకు పన్ను ఎక్కువ వస్తుంది, పాత బస్తీలున్న పాలికెకు తక్కువ వస్తుంది. పాలికె లోపల కూడా తేడాలుంటాయి. అందుకని మీ సంచికి డబ్బు రెండు చోట్ల నుంచి రావాలి. ఒకటి, అదే ప్రాంతంలో వసూలయ్యే అభివృద్ధి రుసుములు. ఆ ప్రాంతం పేరు మీద వసూలు చేసిన రుసుము అక్కడి మొదటి రోడ్డుకు, కాలువకు ఖర్చు కావడం కనీస ధర్మం. రెండు, రాష్ట్ర గ్రాంటు. ఉన్న రోడ్ల నిర్వహణను ఆస్తి పన్ను మీద నడపాలి, ఎందుకంటే అది ఏటా నమ్మకంగా వచ్చే రాబడి. లేని రోడ్లను గ్రాంటుతో కట్టాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు.

కాలపట్టిక మీద కూడా ఒక మాట. బడ్జెట్ మార్చి చివర ఆమోదం పొందుతుంది, ఎస్టిమేట్లు, టెండర్లు, వర్క్ ఆర్డర్లు అయ్యేసరికి ముంగారు (నైరుతి రుతుపవన) వానలు మొదలవుతాయి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వానలే. తారు వేయదగిన పొడి కాలం నవంబరు నుంచి ఏప్రిల్ వరకు. అంటే నవంబరు పనికి టెండరు వానల్లోనే పూర్తయి ఉండాలి. ఇందుకోసం చట్టం మార్చనక్కర్లేదు, రెండేళ్ల జాబితా ముందే ఆమోదిస్తే చాలు.

విశ్రాంత_రోడ్ల_ఇంజనీరు:

రెండేళ్లు కాదు, అయిదేళ్లు చేయవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రపంచ బ్యాంకు రుణంతో నడిచిన రోడ్ల పథకంలో దీర్ఘకాల నిర్వహణ కాంట్రాక్టులు ఇచ్చారు. అందులో ఎన్ని టన్నుల తారు పోశారన్నదానికి బదులు, రోడ్డు నిర్దేశించిన స్థితిలో ఉందా లేదా అన్నదాన్ని బట్టి చెల్లింపు ఉంటుంది. గుంత కనిపించాక ఇన్ని రోజుల్లో పూడ్చకపోతే కోత పడుతుంది. ఒక వార్డు రోడ్లన్నీ ఒకే కాంట్రాక్టరుకు అలా అప్పగిస్తే, కాలువ పూడిక తీయడం కూడా అతని లాభంలో భాగమే అవుతుంది, ఎందుకంటే నీరు నిలిస్తే నష్టపోయేది అతనే. ఇందులో ఒక్క ప్రమాదం ఉంది. చిన్న కాంట్రాక్టర్లు వెళ్లిపోయి పెద్ద సంస్థలే మిగలవచ్చు. వార్డు పరిమాణంలో ఉంచితే ఆ ప్రమాదం తగ్గుతుంది.

తారు_పని_కాంట్రాక్టర్:

నెలనెలా చెల్లింపు ఉంటే మావంటివారు కూడా చేయగలరు. ఒక రోలరు, నలుగురు మనుషులు, చిన్న కోత యంత్రం ఉంటే ఒక వార్డు చూసుకోవచ్చు. తవ్వకాలకు అనుమతి ఇచ్చేటప్పుడు మా సంతకం కూడా ఉండాలి, లేకపోతే ఇతరుల తవ్వకాలకు మేము కోత భరించవలసి వస్తుంది.

లేఅవుట్_కార్యదర్శి:

విన్నపానికి ముందు సమాచార హక్కు దరఖాస్తు వేయడం మేలని సంఘంలో అందరూ అంటున్నారు. లెక్క చేతిలో లేకుండా అడిగితే హామీతో పంపించేస్తారు. కర్ణాటక నిబంధనల ప్రకారం దరఖాస్తు ఒకే విషయం మీద, 150 పదాలకు మించకుండా ఉండాలి కాబట్టి విషయాలను విడగొట్టవలసి ఉంటుంది. హైకోర్టు 2019లో, బెంగళూరు గుంతల మీద 2015లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో, సరైన స్థితిలో ఉన్న రోడ్డు పొందడం రాజ్యాంగంలోని 21వ అధికరణం (జీవించే హక్కు) కింద పౌరుల హక్కులో భాగమని చెప్పింది. విన్నపంలో దాన్ని ఉటంకిస్తాం. దరఖాస్తులో మాత్రం లెక్కలే అడుగుతాం.

రెవెన్యూ_లేఅవుట్_నివాసి:

దరఖాస్తు నమూనా నేను రాశాను, కన్నడంలోకి మా పక్కింటివారు మారుస్తారు. మీ లేఅవుట్‌కూ మా లేఅవుట్‌కూ ఒకే ప్రశ్న వెళ్లాలని నా కోరిక, అప్పుడే జవాబులను పక్కపక్కన పెట్టి చూడగలం.

“మా వార్డులో గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో రోడ్లపై జరిగిన ప్రతి పనికి సంబంధించి: రోడ్డు పేరు, పొడవు, పని సంఖ్య, పని కొత్త నిర్మాణమా లేక నిర్వహణా, చెల్లించిన మొత్తం, చెల్లించిన తేదీ, నిర్దోష కాలం ముగిసే తేదీ. అదే కాలంలో ఆ రోడ్లను తవ్వడానికి ఇచ్చిన అనుమతులు, తవ్విన పొడవు, వసూలైన పునరుద్ధరణ రుసుము, ఆ రుసుములో అదే రోడ్డుపై ఖర్చయిన మొత్తం. వార్డులో ఇప్పటివరకు తారు గాని కాంక్రీటు గాని వేయని రోడ్ల పేర్లు, వాటి పొడవు.”

విశ్రాంత_రోడ్ల_ఇంజనీరు:

చక్కగా ఉంది. తవ్వకాల భాగాన్ని విడి దరఖాస్తుగా వేయండి, ఒకే విషయం కాదని తిప్పి పంపే అవకాశం ఉండదు. చివరి వాక్యాన్ని మాత్రం మొదటికి తీసుకురండి.